తెర తీసేవాడు

తెలుగులో ‘పోయింది’ అనే మాట చేత చేయించుకున్నంత చాకిరీ మనం ఇంకే మాట చేతా చేయించుకోమనుకుంటా. కరెంటు పోయింది. పర్సు పోయింది. పరువు పోయింది. మనిషి పోయాడు. కరెంటు పోతే వస్తుంది. పర్సు పోతే దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. మనిషి పోతే ఇంక అంతే. అన్నిటికీ ఒకటే క్రియ. ఏది తిరిగొచ్చే పోవడమో, ఏది రానిదో వినేవాళ్ళే పోల్చుకోవాలి.

కంప్యూటర్ల దగ్గరికొచ్చేసరికి ఆ పోల్చుకోవడం కుదరదు. ‘సిస్టమ్ పోయింది’ అంటారు. స్క్రీన్ వెలగకపోయినా అదే మాట, పాస్‌వర్డ్ మర్చిపోయినా అదే మాట, డిస్కు నిజంగా అరిగి చచ్చిపోయినా అదే మాట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పాపానికి చుట్టాల్లో ఎవరి సిస్టమ్ పోయినా ముందు ఫోన్ నాకే వస్తుంది. ఇన్నేళ్ళ అనుభవంలో నాకు తెలిసిందేంటంటే, అలా పోయినవాటిలో చాలావరకు పోలేదు. లోపల అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. మొదలవడం ఒక్కటే చేతకాక ఆగిపోయి ఉంటాయి.

మొదలుపెట్టడం అనే పని ఒక్కటే చేసే ప్రోగ్రామ్ ఒకటి ఉంది. దాన్ని బూట్‌లోడర్ అంటారు. లినక్స్ మెషీన్లలో ఎక్కువగా కనపడే బూట్‌లోడర్ పేరు గ్రబ్. మొన్న మే నెలలో తెనాలిలో ఉన్న మా పెదనాన్న చేత, ఫోన్లో, ఒక్కొక్క అక్షరం చెబుతూ, కమాండ్ లైన్ నుంచి దాన్ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయించాను. ఆయనకి 73 ఏళ్ళు. తెలుగు లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఆ గంటన్నరలో నా వృత్తి గురించి ఆయన నాకు చెప్పినవి, నేను ఆయనకి చెప్పినవాటికంటే ఎక్కువ.

*

ముందు ఆ లాప్‌టాప్‌లో ఏముందో చెప్పాలి.

మా పెద్దమ్మ పాటలు రాసుకునేది. సొంతవి కాదు, విన్నవి. అప్పగింతల పాటలు, తలుపు దగ్గరి పాటలు, లాలిపాటలు, మంగళహారతులు. ఏ పెళ్ళికెళ్ళినా, ఏ పేరంటానికెళ్ళినా హ్యాండ్‌బ్యాగ్‌లో ఒక రూళ్ళ నోట్‌బుక్ ఉండేది. అలాంటివి పదకొండు పోగయ్యాయి. రెండేళ్ళ క్రితం ఆవిడ పోయింది. (చూశారా, అదే మాట. పెదనాన్న మాత్రం ఆవిడ విషయంలో ఈ మాట వాడగా నేను ఎప్పుడూ వినలేదు. ‘మీ పెద్దమ్మ ఉన్నప్పుడు’ అంటారు, అంతే.)

తర్వాత కొన్ని నెలలు ఆయన ఏమీ చదవలేదు, ఏమీ రాయలేదు. పేపర్ కూడా మడత విప్పకుండా అలాగే ఉండేది. అమెరికాలో ఉన్న మా అక్క ఒకరోజు ఫోన్ చేసి, “నాన్నా, పాపని పడుకోబెట్టడానికి అమ్మ పాడే లాలిపాట కావాలి. నోట్‌బుక్‌లో ఉంటుంది, టైప్ చేసి పంపవా” అని అడిగింది. ఫొటో తీసి పంపితే సరిపోయే పని. అక్క కావాలనే టైప్ చేయమని అడిగిందని నా అనుమానం. ఆయన ఒక్క పాట టైప్ చేశారు. మర్నాడు ఇంకొకటి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద వేళ్ళు కుదిరాక రోజుకి మూడు నాలుగు.

2011లో కొన్న పాత లాప్‌టాప్ అది. దాని మీద విండోస్ ఈడ్చుకుంటూ నడుస్తుంటే డెబియన్ కుటుంబానికి చెందిన ఒక తేలికపాటి లినక్స్ వేసిచ్చాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి ఎప్పుడూ ప్లగ్‌లోనే నడుస్తుంది. అందులో మే నాటికి 150కి పైగా పాటలు చేరాయి. నోట్‌బుక్స్‌లో ఉన్నవి పాటలు మాత్రమే. ఏ పాట ఎవరు పాడగా విన్నదో, ఏ ఊళ్ళో ఏ చరణం మారుతుందో పెద్దమ్మ చివరి ఏడాది మంచంలో ఉండి ఆయనకి చెప్పింది. అదంతా గుర్తున్నంతవరకు ప్రతి పాట కింద ఆయన రాస్తూ వచ్చారు. ఆ రాతకి వేరే కాపీ సంక్రాంతి వరకే ఉంది. ఆ తర్వాతి నాలుగు నెలలదీ ఒక్క ఆ డిస్కులోనే.

మే నెల చివర్లో ఒక సాయంత్రం అప్‌డేట్లు దిగుతుండగా గాలివాన వచ్చింది. కరెంటు పోయింది. అది మళ్ళీ వచ్చింది కానీ లాప్‌టాప్ రాలేదు. నల్లటి తెర మీద ఏదో సింబల్ దొరకలేదని ఒక లైను, దాని కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అని రెండు మాటలు, పక్కన మినుకుమినుకుమంటూ కర్సర్.

బజార్లో ఉన్న రిపేర్ షాపుకి పట్టుకెళ్ళారు. “హార్డ్ డిస్క్ పోయింది సార్. ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేస్తా, రేపు సాయంత్రానికి తీసుకెళ్ళండి” అన్నాడట ఆ అబ్బాయి. రోజంతా అవే పనులు చేసేవాడికి అదే దగ్గర దారి. పెదనాన్న ఒక ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపి, లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసుకున్నారు.

“నీ లినక్స్ పోయిందిరా” అన్నారు ఫోన్లో. గొంతు మామూలుగానే ఉంది. ఆ మామూలుతనమే నాకు భయమేసింది.

ఫొటో చూశాను. “పోలేదు పెదనాన్నా. మొదలవడం మర్చిపోయింది.”

*

కంప్యూటర్ మొదలవడం అనేది ఆలోచిస్తే కొంచెం వింత వ్యవహారం. బటన్ నొక్కిన క్షణానికి మెమరీలో పనికొచ్చేదేమీ ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కులో ఉంటుంది. దాన్ని డిస్కులోంచి మెమరీలోకి తేవడానికి ఒక ప్రోగ్రామ్ కావాలి. ఆ ప్రోగ్రామ్ కూడా డిస్కులోనే ఉంటుంది. మరి దాన్నెవరు తెస్తారు? బూట్ అనే మాట ఇక్కడ్నుంచే వచ్చింది. కాలికి తొడుక్కున్న బూటు వెనకాల ఉండే పట్టీ పట్టుకుని తనను తానే పైకి లేపుకోవడం అని ఇంగ్లీషులో అసాధ్యమైన పనికి ఒక పోలిక ఉంది. బూట్‌స్ట్రాప్ అంటే ఆ పట్టీ. మన శాస్త్రగ్రంథాల్లోనూ ఇలాంటి న్యాయం ఒకటుంది. ఎంత శిక్షణ పొందిన గడసాము కుర్రాడైనా తన భుజం మీద తానే ఎక్కలేడని.

ఎక్కలేడు. నిజానికి కంప్యూటర్ కూడా ఎక్కదు. ఎవరో ఒకరు కింద నిలబడి చెయ్యి అందించాల్సిందే. 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800 లాంటి యంత్రాలకి ఆ ఎవరో మనిషే. ముందువైపు వరసగా ఉండే స్విచ్‌లు పైకీ కిందకీ వేస్తూ మొదటి ఆ కాసిని సూచనల్ని చేత్తో ఎక్కించేవాళ్ళు. తర్వాత ఆ చెయ్యి ఒక చిప్‌లోకి మారింది. పాత పీసీల్లో దాన్ని బయాస్ అంటారు. దానికి పెద్ద తెలివేమీ లేదు. ఫైలంటే ఏంటో తెలీదు, ఫోల్డరంటే తెలీదు. డిస్కులో మొట్టమొదటి 512 బైట్లు మెమరీలోకి తెచ్చి, చివరి రెండు బైట్లలో ఉండాల్సిన గుర్తు ఉందో లేదో చూసి, ఉంటే పగ్గాలు దాని చేతికిచ్చేస్తుంది. అంతవరకే.

ఆ 512లో 64 బైట్లు డిస్కుని ఏ భాగాలుగా విడగొట్టారో చెప్పే పట్టికకి పోతాయి. రెండు ఆ గుర్తుకి. మిగిలింది 446. ఎంత చిన్నదో తెలియాలంటే తెలుగులో లెక్కేసుకోండి. యూనికోడ్‌లో మామూలుగా దాచుకునే పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు. గుణింతం గుర్తు కూడా వేరే సంకేతమే. అంటే మొత్తం 148. ఒక కంద పద్యం పడుతుంది. సీసం పట్టదు.

అంత ఇరుకు జాగాలో ఉండే ఆ మొదటి ముక్కకి ఒక్కటే తెలుసు: తన తర్వాతి ముక్క డిస్కులో ఎన్నో గడిలో ఉందో. ఆ తర్వాతి ముక్క కొంచెం పెద్దది. దానికి ఫైళ్ళు చదవడం వచ్చు. అది ఒక ఫోల్డర్‌లో ఉన్న తన మిగతా భాగాల్ని పిలుచుకుంటుంది. అప్పుడు కెర్నెల్‌ని వెతికి, మెమరీలోకి తెచ్చి, దాని చేతికి పగ్గాలిచ్చి తప్పుకుంటుంది. గ్రబ్ అంటే ఈ మొత్తం వరస. 1990ల్లో లినక్స్ వాళ్ళు వాడిన లిలో అనే బూట్‌లోడర్ ఈ వరసని కళ్ళకి కట్టేది. ఒక్కో దశ దాటగానే ఒక్కో అక్షరం చొప్పున తన పేరునే తెర మీద రాసేది. ఎల్, ఐ, ఎల్, ఓ. పేరు సగంలో ఆగిపోతే ఏ మెట్టు మీద కాలు జారిందో అక్షరాలు లెక్కపెట్టి చెప్పేసేవాళ్ళు. పోయింది అనడం కంటే ఎంత నయం!

పెదనాన్న మెషీన్‌లో జరిగిందేంటంటే, అప్‌డేట్‌లో గ్రబ్ కూడా మారుతోంది. ఫోల్డర్‌లో ఉండే భాగాలు కొత్తవి వచ్చి కూర్చున్నాయి. డిస్కు మొదట్లో ఉండే ముక్కని కొత్తది చేసేలోపు కరెంటు పోయింది. అంటే మొదటి సగం పాతది, రెండో సగం కొత్తది. కొత్తది ఒక పేరు పెట్టి పిలుస్తోంది, పాతదానికి ఆ పేరున్నవాళ్ళెవరూ తెలీదు. సింబల్ దొరకలేదంటే అర్థం ఇంతే. పాటలకీ, వాటి కింద రాతకీ దీంతో ఏ సంబంధమూ లేదు.

ఇదంతా ఫోన్లో చెబితే ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “సూత్రధారుడు నాటకం పేరు మర్చిపోయాడన్నమాట” అన్నారు.

నాకర్థం కాలేదు. అప్పుడు పాఠం చెప్పారు, క్లాసులో చెప్పినట్టే. శాకుంతలం ప్రస్తావనలో సూత్రధారుడు నటిని ఒక పాట పాడమంటాడు. గ్రీష్మ రుతువు మీద ఆమె పాడుతుంది. అతను ఆ పాటలో మునిగిపోయి, ఇంతకీ ఈ పూట మనం ఏ నాటకం ఆడాలి అని ఆమెనే అడుగుతాడు. ఇందాకేగా మీరే చెప్పారు, శాకుంతలమని, అంటుంది నటి. మర్చిపోయానంటాడు. తర్వాత దుష్యంతుడి ప్రవేశం జరిగేలా చేసి వెళ్ళిపోతాడు, నాటకంలో మళ్ళీ కనపడడు. “మరుపు మీద నాటకం కదా. అందుకని కాళిదాసు మొదలుపెట్టేవాడికే మరుపు పెట్టాడు. నాటకం పోలేదు. వేషాలేసుకుని అందరూ తెర వెనకాలే ఉన్నారు. పేరు గుర్తు చేసే నటి కావాలి. అంతేగా?”

అంతే. ఇరవై ఏళ్ళ నుంచీ కంప్యూటర్లతో ఉంటున్న నేను బూట్‌లోడర్‌కి ఇంతకంటే మంచి నిర్వచనం చదవలేదు.

*

లాప్‌టాప్ సంచీ లోపలి జేబులో, లినక్స్ వేసినప్పుడు వాడిన పెన్‌డ్రైవ్ ఒకటి చీటీ అంటించి పెట్టి ఉంచాను. దాంతో మెషీన్‌ని లేపొచ్చు. లేచేది పెన్‌డ్రైవ్‌లో ఉన్న లినక్స్. డిస్కులో ఉన్నది పక్కనే నిద్రలో ఉంటుంది.

నేను శనివారం దాకా హైదరాబాద్ వదలడానికి లేదు. ఆయన శనివారం దాకా ఆగే మనిషి కాదు. పాత క్యాలెండర్ కాగితాలు వెనక్కి తిప్పి పెట్టుకుని, పెన్ను పట్టుకుని, ఫోన్ స్పీకర్లో పెట్టి కూర్చున్నారు. నేను చెప్పేది ముందు కాగితం మీద రాయడం, నాకు తిరిగి చదివి వినిపించడం, ఆ తర్వాతే కీబోర్డు మీద కొట్టడం. ఈ పద్ధతి ఆయనే పెట్టారు. మా ఆఫీసులో ప్రొడక్షన్ మీద చెయ్యేసే వాళ్ళందరికీ నేర్పాల్సిన పద్ధతి.

మొదటి కమాండ్ డిస్కులేమేమున్నాయో చూపించేది. ఎల్, ఎస్, బీ, ఎల్, కే. కలిపి.

“మధ్యలో అచ్చు ఒక్కటీ లేదు. ఎలా పలకాలిరా దీన్ని?”

“పలకక్కర్లేదు పెదనాన్నా. కొట్టండి చాలు.”

రెండు వరసలు కనపడ్డాయి. ఎస్‌డీఏ అని 320 జీబీది, ఎస్‌డీబీ అని చిన్నది. పెద్దది ఆయన డిస్కు, చిన్నది పెన్‌డ్రైవ్. పెద్దదాని కింద ఎస్‌డీఏ1 అని ఒక కొమ్మ. అదే ఇల్లు. దాన్ని ఇప్పుడు నడుస్తున్న సిస్టమ్‌కి ఒక చోట తగిలించాలి. మౌంట్ చేయడమంటే అది. సుడో, ఖాళీ, మౌంట్, ఖాళీ, వాలుగీత, డెవ్, వాలుగీత, ఎస్‌డీఏ1, ఖాళీ, వాలుగీత, ఎంఎన్‌టీ. స్లాష్‌ని వాలుగీత అనడం ఆయనదే. హైఫన్ అడ్డగీత. ఆ గంటన్నరలో ఆ రెండు మాటలూ నాకు అలవాటైపోయాయి.

ఎంటర్ కొట్టాక ఏమీ జరగలేదు.

“ఏం అనలేదురా.”

“అంటే పనైందని. తప్పు జరిగితేనే మాట్లాడుతుంది.”

“మంచి కోడలు” అన్నారు.

తర్వాత ఆయన ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపించే కమాండ్ చెప్పాను. రెండక్షరాలు, ఆ పైన దారి. కొట్టారు. అవతల చాలాసేపు మౌనం. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

“పా… ట… లు…” అని వినపడింది. “గుణింతాలు విడిపోయి ఉన్నాయిరా. పకి దీర్ఘం పక్కకెళ్ళి నిలబడింది. లకి కొమ్ము ఎక్కడో ఉంది. కానీ పాటలే.”

టెర్మినల్స్‌లో తెలుగు అలాగే ఏడుస్తుంది. అక్షరాన్ని ఒక గడిగా, గుణింతాన్ని ఇంకో గడిగా చూపిస్తాయి. ఎప్పుడు చూసినా విసుగొచ్చే విషయమే అది. ఆ రోజు మాత్రం రాలేదు.

ఫోల్డర్ మొత్తాన్ని ముందు వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించాను. పది నిమిషాలు పట్టింది. కాపీ అయ్యాక ఒక ఫైల్ తెరిచి చూసుకోమన్నాను. చూసుకున్నారు. అప్పుడు, “ఇంక భయం లేదు. కావాలంటే షాపులో ఇచ్చి ఫార్మాట్ చేయించుకున్నా పర్లేదు” అన్నాను. అది నిజం కూడా. విలువైనది చేతికొచ్చేసింది. మిగిలింది ఒక పాత లాప్‌టాప్.

“ఇల్లు నిక్షేపంలా ఉందని తెలిశాక, కిటికీలోంచి సామాన్లు లాక్కుని ఇల్లు కూల్చేయమంటావేంట్రా? తలుపేగా రానిది. తర్వాతేంటో చెప్పు” అన్నారు.

*

తర్వాతది నాకు చాలా ఇష్టమైన కమాండ్. సీహెచ్‌రూట్. 1979లో వచ్చిన యునిక్స్ ఏడో వెర్షన్ నాటిది. అది చేసేది చెప్పడానికి చిన్నదే. ఇప్పుడు నడుస్తున్న సిస్టమ్‌తో, నీ మూలం ఇక్కడ కాదు, ఇదిగో ఇక్కడ ఉందనుకో, అని చెబుతుంది. ఆ క్షణం నుంచి మనం కొట్టే ప్రతి కమాండూ నిద్రలో ఉన్న సిస్టమ్ లోపల్నుంచి నడిచినట్టే నడుస్తుంది. నడిపించే ప్రాణం పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చిన కెర్నెల్‌ది. ఒళ్ళు మాత్రం డిస్కులో పడుకున్నదానిది.

“పరకాయ ప్రవేశం” అన్నారు పెదనాన్న వెంటనే. “శంకరులు అమరుక మహారాజు ఒంట్లోకి వెళ్ళినట్టు. మరి ఇక్కడ వదిలేసిన ఒళ్ళు ఎవరు కాపలా కాయాలి?”

“పెన్‌డ్రైవ్ పీకకుండా ఉంటే చాలు.”

“అది నా మీద వదిలెయ్.”

ప్రవేశించేముందు ఇంకో ఏర్పాటు ఉంది. నిద్రలో ఉన్న ఒంటికి కళ్ళూ చెవులూ పనిచేయవు. డిస్కులు, కీబోర్డు లాంటి పరికరాలు కనపడే డెవ్, నడుస్తున్న పనుల వివరాలుండే ప్రాక్, యంత్రం స్థితి చెప్పే సిస్ అనే మూడు ఫోల్డర్లున్నాయి. వాటిలో కనపడేవేవీ డిస్కు మీద రాసి ఉన్నవి కావు. మెలకువలో ఉన్న కెర్నెల్ ఎప్పటికప్పుడు చూపించేవి. అందుకని ఆ మూడింటినీ మెలకువగా ఉన్న సిస్టమ్ నుంచి అరువు తెచ్చి, నిద్రలో ఉన్నదానికి తగిలించాలి. ఇవి లేకుండా లోపలికెళ్తే, బాగుచేయాల్సిన డిస్కే కనపడదు. మూడు కమాండ్లు, ఒక్కొక్కటీ కాగితం మీద, చదివి వినిపించి, కీబోర్డు మీద.

ఆ తర్వాత సీ, హెచ్, ఆర్, డబుల్ ఓ, టీ. కర్సర్ ముందు కనపడే పేరు మారింది.

“లోపలున్నామా?”

“ఉన్నాం.”

“చప్పుడేం లేదే” అన్నారు నెమ్మదిగా. ఎవరో పడుకున్న గదిలోకి వెళ్ళినట్టు.

ఇక అసలు పని. గ్రబ్, అడ్డగీత, ఇన్‌స్టాల్, ఖాళీ, వాలుగీత, డెవ్, వాలుగీత, ఎస్‌డీఏ. ఇక్కడ ఎస్‌డీఏ1 కాదని మూడుసార్లు చెప్పాను. ఒకటి అంకె వేస్తే ఇంటికి. మనం రాయాల్సింది ఇంట్లో కాదు, డిస్కు మొట్టమొదట, వీధి గుమ్మం దగ్గర. ఆ 446 బైట్ల చోట.

కొట్టారు. కొన్ని క్షణాలకి ఒక వాక్యం వచ్చింది. ఆయన ఇంగ్లీషులో చదివి, అలవాటు కొద్దీ తెలుగు చేశారు. “స్థాపన ముగిసినది. దోషమేదియు నివేదింపబడలేదు.” కాసేపాగి, “ఒరేయ్, దోషం లేదనడం లేదు వీడు. నివేదింపబడలేదు అంటున్నాడు. జాగ్రత్త గలవాడు” అన్నారు.

ఆ వాక్యాన్ని నేను వందసార్లు చూసుంటాను. ఆ కర్మణి ప్రయోగంలో ఉన్న నిజాయితీ ఎప్పుడూ కంటపడలేదు.

చివరిది అప్‌డేట్-గ్రబ్. డిస్కంతా వెతికి, లేపదగ్గ కెర్నెల్స్ ఏమున్నాయో చూసి జాబితా రాసుకునే కమాండ్. సూత్రధారుడికి నాటకం పేరు మళ్ళీ చెప్పడం. అది వెతుకుతూ ఒక్కొక్కటి కనపడగానే ఒక్కో లైను రాస్తుంది. ప్రతి లైనూ ఒకటే మాటతో మొదలవుతుంది.

“ఫౌండ్… ఫౌండ్… ఫౌండ్…” అని చదువుతూ వెళ్ళారు. చివర్న తెలుగులో, “దొరికిందిరా” అన్నారు.

*

గ్రబ్‌ని 1995లో ఎరిక్ బోలిన్ అనే ఆయన రాయడం మొదలుపెట్టాడు. లినక్స్ కోసం కాదు. గ్నూ వాళ్ళు హర్డ్ అని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కడుతున్నారు, దాన్ని లేపడం కోసం. హర్డ్ ఇప్పటికీ జనం రోజూ వాడే స్థాయికి రాలేదు. ఒక నాటకానికని పిలిచిన సూత్రధారుడు, ఆ నాటకం సిద్ధమవకపోతే ఊరికే కూర్చోకుండా పక్క వీధి నాటకానికి తెర తీసి, ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉండిపోయాడు. ఆ నాటకం చూసేవాళ్ళలో ఎందరికి అతని పేరు తెలుసు? బాగా పనిచేసినన్నాళ్ళు కనపడడు. కనపడ్డాడంటే ఏదో తేడా వచ్చిందనే.

సాహిత్యం మీద అప్పుడప్పుడూ నాలుగు మాటలు రాస్తుంటాను కాబట్టి నాకు ఇలాంటి వాళ్ళ మీద ఆసక్తి. ఒక పుస్తకం ఎలా రాశారని అందరం అడుగుతాం. ఎవరు మొదలుపెట్టించారని అడగం. రచయిత తనంతట తాను లేచాడనుకోవడం మనకి బాగుంటుంది. బూటు పట్టీ కథ లాగే. కానీ ఏ కథ తీసి చూసినా అడుగున ఎక్కడో ఒక చిన్న ముక్క ఉంటుంది. వేరే ఎవరో పెట్టింది. ఒక కంద పద్యమంత. ఒక లాలిపాట టైప్ చేసి పంపవా నాన్నా, అన్నంత. అది పుస్తకంలో ఎక్కడా ఉండదు. పని కాగానే తప్పుకుంటుంది.

ఇప్పుడొచ్చే లాప్‌టాప్‌లలో ఈ 446 బైట్ల గోల దాదాపు లేదు. బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది. దానికి ఫైళ్ళు చదవడం వచ్చు. బూట్‌లోడర్ ఒక చిన్న పార్టిషన్‌లో మామూలు ఫైల్ లాగే ఉంటుంది, దాని చిరునామా మదర్‌బోర్డు గుర్తుపెట్టుకుంటుంది. గ్రబ్-ఇన్‌స్టాల్ అక్కడా ఉంది, వివరాలు మారతాయి. తగిలించడం, లోపలికెళ్ళడం, మళ్ళీ గుర్తు చేయడం అనే మూడు మెట్లు మాత్రం అవే. పెన్‌డ్రైవ్ ఒకటి ఉంచుకోండి. చీటీ అంటించి.

పెదనాన్న పుస్తకం ఇంకా అవలేదు. ఎనిమిదో నోట్‌బుక్‌లో ఉన్నారు. క్యాలెండర్ కాగితాలు ఐదూ వరస నంబర్లు వేసి లాప్‌టాప్ సంచీలో దాచారు. వాలుగీతల కింద ఎర్ర సిరాతో గీతలు కూడా గీశారు.

మొన్న దసరాకి వెళ్ళినప్పుడు నన్ను ఒక్క పని చేసిపెట్టమన్నారు. ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న మెషీన్‌లో గ్రబ్ కొన్ని లినక్స్‌లలో తన మెనూ చూపించదు. వచ్చిందీ వెళ్ళిందీ తెలియకుండా నేరుగా కెర్నెల్‌ని లేపేస్తుంది. “అలా కాదురా. పొద్దున్నే కాసేపు కనపడేలా పెట్టు” అన్నారు.

“ఎంచుకోవడానికి ఉన్నది ఒక్కటే కదా పెదనాన్నా. ఐదు సెకన్లు ఊరికే ఆగుతుంది.”

“ఆగనీ.”

సెట్టింగ్స్ ఫైల్‌లో రెండు లైన్లు మార్చి, ఐదు అని రాసి, అప్‌డేట్-గ్రబ్ కొట్టాను. ఇప్పుడు రోజూ ఉదయం ఆ నల్లటి తెర మీద ఒక పెట్టె, అందులో పేరు, కింద ఐదు నుంచి ఒకటికి తగ్గుతూ అంకెలు కనపడతాయి. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఆ ఐదు సెకన్లూ చూస్తారు.